పద్నాలుగు మీటర్ల స్తంభం

ఫిబ్రవరి 2

కొత్త నోటుబుక్కు. పాతది క్లూజ్‌లో ఖాళీ చేసిన ఇంట్లో ఎక్కడో ఉండిపోయింది. ఉండనీ.

ఓక్నా లుంగా అనే ఈ ఊరికి వచ్చి పన్నెండు రోజులైంది. గని కార్మికుల క్లబ్బులో డాన్సు హాలు మా యూనివర్సిటీ పనికిచ్చారు. నేల మీద సుద్దతో గీత గీసి, నాలుగు మూలలా కెమెరాలు బిగించాను. ఇవాళ మొదటిసారి కంప్యూటర్ మోడల్‌లోకి పూర్తిగా దిగాను. హెడ్‌సెట్ తగిలించుకోగానే హాలు మాయమైంది. డెబ్భై ఏళ్ళు తవ్వి వదిలేసిన ఉప్పు గని నా చుట్టూ నిలబడింది. కిందికి మూడు అంతస్తులు. పై రెండింటికీ మేం వేసిన బోర్ల కొలతలున్నాయి. మూడోది నీళ్ళతో నిండిపోయింది, అక్కడికి ఏ పరికరమూ దిగదు. దానికి పాత మ్యాపే ఆధారం.

కుడి చేతిని గాలిలో చక్రంలా తిప్పితే ఏళ్ళు గడుస్తాయి. నీళ్ళు పెరుగుతాయి, ఉప్పు స్తంభాలు సబ్బుబిళ్ళల్లా అరుగుతాయి, బరువు మోయలేకపోతున్న స్తంభం ఎర్రబడుతుంది. ఆ స్తంభాల నెత్తిన నూట ఇరవై మీటర్ల మన్ను. మన్ను మీద లిండెన్ వీధి, అరవై ఒక్క ఇళ్ళు. ముప్ఫై ఎనిమిదో నంబరులో నేను అద్దెకుంటున్నాను. తలెత్తి చూస్తే మా వంటింటి పునాది కనిపించింది, కింది నుంచి.

కాస్త తల తిరిగింది. ఒక్క నిమిషమే.

ఫిబ్రవరి 3

ఇంటావిడ వెతూరియా పెద్దమ్మకు నా ఉద్యోగమేమిటో చెప్పడానికి భోజనం మొత్తం పట్టింది. ఆమెకు డెబ్భై ఒకటి. భర్త గనిలో పనిచేసి, పోయి తొమ్మిదేళ్ళయింది.

"అంటే నువ్వు గదిలో నిలబడి గని చూస్తావు."

"అవును."

"దిగకుండా."

"దిగలేం కదా పెద్దమ్మా, నీళ్ళు."

"మా ఆయన ముప్ఫై ఏళ్ళు దిగి చూశాడు. ఏముందయ్యా అంటే ఉప్పు అనేవాడు. ఆ మాట చెప్పడానికి నీకు యూనివర్సిటీ కావాల్సొచ్చిందా?"

మొక్కజొన్న సంకటి మీద చీజ్ తురుముతూ తనలో తనే నవ్వుకుంది. నాకు రెండోసారి వడ్డించింది. నేను వద్దనలేదు. ఇంకొకరు వడ్డించగా తిని ఏడాది దాటింది.

ఫిబ్రవరి 20

నలభై ఏళ్ళు తిప్పాను. వీధి నిలబడింది. పదహారు, పదిహేడు స్తంభాలు చివర్లో కాస్త గులాబీ రంగుకు తిరిగాయి, అంతే. మూడో అంతస్తులో ప్రతి స్తంభమూ పద్నాలుగు మీటర్ల మందం. ఆ కాలంలో బాగానే కట్టుబడి తవ్వారు.

యూనివర్సిటీలో మా ప్రొఫెసర్ ఫోన్లో చాలా సంతోషించారు. "ఒతిలియా, దీన్ని వాళ్ళకు చెప్పొద్దు, చూపించు. లోపల నిలబెట్టు. కాగితం ఎవరూ నమ్మరు" అన్నారు.

మార్చి 9

చూపించాను.

వీధి వీధంతా వచ్చింది. పిండివంటలు తెచ్చారు, పెళ్ళికొచ్చినట్టు కోట్లు వేసుకొచ్చారు. ఊరి అవతల కట్టిన ఫ్లాట్లలోకి మారాలనుకునేవాళ్ళు ఈ నెలాఖరుకు సంతకం పెట్టాలి. పెట్టాలా వద్దా అన్నదే అందరి ప్రశ్న. ఒక్కొక్కరికి నా చేతులతో హెడ్‌సెట్ కట్టాను. ఒకడు "ఏదీ, నా సెల్లార్ ఎక్కడ?" అని వెతుక్కుని, దాని కింద నిలబడి పైకి చెయ్యి ఊపాడు. అందరూ నవ్వారు.

వెతూరియా పెద్దమ్మ బూట్లు విప్పి అడుగుపెట్టింది. ఎవరూ విప్పమనలేదు. సిలువ గుర్తు వేసుకుంది.

"ఇదేంటే, చర్చిలా ఉంది."

"ఇది పదహారో స్తంభం. దీని మీదే మన ఇల్లు."

లేని స్తంభం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "మా ఆయన పనిచేసింది ఇక్కడేనా" అంది. అవునన్నాను. కాలం తిప్పాను. ఐదేళ్ళు, పది, ఇరవై, నలభై. స్తంభం దాదాపు తెల్లగానే ఉంది.

"నలభై ఏళ్ళకు నాకెంత వయసు?"

"నూట పదకొండు."

"అయితే ఆ ఫ్లాటు ఎవరికిస్తారో ఇచ్చుకోమను. నాకు లిఫ్టు పడదు."

హెడ్‌సెట్ తీసేటప్పటికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ. చదివిన చదువు ఒక మనిషికి ఇలా నేరుగా పనికిరావడం నా జీవితంలో ఇదే మొదలు.

మార్చి 31

నివేదిక మీద సంతకం చేశాను. "నలభై ఏళ్ళ వరకు ప్రమాదం అత్యల్పం."

ఫ్లాటుకు సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరు. వాళ్ళిద్దరికీ ఎలాగూ కోడళ్ళతో పడదట.

ఏప్రిల్ 6

పెద్దమ్మ గేటుకు ఆకుపచ్చ రంగు వేయించింది. గేటు దాటుతుంటే నా కోటుకు కూడా అంటింది.

ఏప్రిల్ 11

పాత కార్మికులకూ చూపిస్తే బాగుంటుందని మేయర్ అన్నాడు. మూడో అంతస్తులో పనిచేసినవాళ్ళలో బతికున్నది ఒక్కడే, నికొదిమ్ త్సెపెష్నియా, అప్పటి మేస్త్రీ. డెబ్భై తొమ్మిదేళ్ళు. ఊపిరి అందక మాటకూ మాటకూ మధ్య ఆగుతాడు.

హెడ్‌సెట్ చూసి, "మా తాత రోజుల్లో గని చక్రం తిప్పే గుర్రాలకు ఇలాంటి గంతలే కట్టేవాళ్ళు" అన్నాడు. "కట్టు మరి, ఇంజనీరమ్మా."

లోపల దారి అతనికి నేను చూపించనక్కర్లేకపోయింది. మ్యాపు నాదే, నడక మాత్రం అతనిది. పదహారో స్తంభం దగ్గర ఆగాడు. దాని చుట్టూ తిరిగాడు. అడుగులు లెక్కపెడుతున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

"ఇంత లావు లేదు ఇది."

"మ్యాపులో పద్నాలుగు మీటర్లండీ."

"మ్యాపు డెబ్భై తొమ్మిదో సంవత్సరానిది. ఎనభై ఆరులో మళ్ళీ చెక్కాం. పై నుంచి ఇంత ఉప్పు కావాలని హుకుం వచ్చింది. కొత్త గదులు తవ్వే టైము లేదు. చీఫ్ ఇంజనీరు వచ్చి, ఇటు పక్క రెండున్నర, అటు పక్క రెండున్నర గీకండర్రా, కాగితం మీద రాయొద్దు అన్నాడు. గీకాం."

"ఒక్క స్తంభమా?"

"అన్నీ."

అతను హెడ్‌సెట్ తీయకుండానే మాట్లాడాడు. కాబట్టి నా ముఖం చూడలేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ముసలితనం. సాక్ష్యం చెప్పడానికి ఆ ఇంజనీరు లేడు, మిగతా మేస్త్రీలు లేరు, కాగితం లేదు. ఇలాంటివి ప్రతి పాత గని గురించీ చెబుతారు. రాసుకున్నాను కాబట్టి ఇక దీని సంగతి ఆలోచించనక్కర్లేదు.

ఏప్రిల్ 12

నికొదిమ్ వయసు డెబ్భై తొమ్మిది. ఆ వయసులో జ్ఞాపకం తప్పొచ్చు.

ఏప్రిల్ 15

ఊరికే ఒకసారి చూద్దామని, రెండు పక్కలా రెండున్నర తీసేసి, తొమ్మిది మీటర్లు పెట్టి తిప్పాను. వీధి కూలడానికి చక్రం పెద్దగా తిప్పాల్సిన అవసరం రాలేదు.

యంత్రం వేడెక్కినప్పుడు లెక్కలు తేడా వస్తుంటాయి. రేపు మళ్ళీ.

ఏప్రిల్ 16

మళ్ళీ అదే.

ఏప్రిల్ 19

పదకొండు మీటర్లయితే వీధి పన్నెండేళ్ళు నిలుస్తుంది. పన్నెండైతే ఇరవై మూడేళ్ళు. అతను రెండున్నర అన్నాడు, కానీ గీకేవాళ్ళు కొలబద్ద పట్టుకుని గీకరు. ఒకటిన్నరా కావచ్చు. ఒకటే కావచ్చు. ఒకే మనిషి నోటిమాట మీద సంతకం చేసిన నివేదిక వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది? అరవై ఒక్క కుటుంబాలు భయపడతాయి. భయపెట్టడం కూడా హానే. ఇది నేను నా కోసం చెప్పడం లేదు.

ఏప్రిల్ 24

నికొదిమ్ క్లబ్బు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, నా కోసం.

"చెప్పావా, ఇంజనీరమ్మా?"

"పరిశీలిస్తున్నామండీ."

"నేను వచ్చి చెప్పనా? మేయర్ దగ్గర?"

"ఇంకో రెండు పరీక్షలు చేయాలి. అప్పటిదాకా ఎవరితోనూ అనకండి. ఊరికే గగ్గోలవుతుంది."

తలూపాడు. అనొద్దంటే అనకుండా ఉండటం అతనికి అలవాటేనట. ఆ మాట వెటకారంగా అనలేదు.

ఏప్రిల్ 30

ఈస్టర్ వారం. ఆఫీసుల్లో ఎవరూ ఉండరు. పండగ అయ్యాక.

మే 5

ఈస్టర్. పెద్దమ్మ పండగ ఆనవాయితీగా నాతో ఎర్ర గుడ్లు ఒకదానికొకటి కొట్టించింది. నా గుడ్డే మూడుసార్లూ పగిలింది. "నీకు చెయ్యి తిరగలేదే పిల్లా, గట్టిగా పట్టుకోవాలి, ప్రేమగా కాదు" అంది. గొర్రెపిల్ల మాంసం, పచ్చి ఉల్లికాడలు. కుర్చీ వెనక్కి జరిపినప్పుడు కాలికి ఏదో తగిలినట్టనిపించి చూశాను. వంటింటి గచ్చు మీద పొయ్యి నుంచి తలుపు దాకా వెంట్రుకంత బీట.

"ఇది ఎప్పటిది పెద్దమ్మా?"

"ఏమో. చలికి అయ్యుంటుంది."

చలి పోయి ఆరు వారాలైంది.

మే 7

మేయర్‌కు చెప్పాను. అంతా. నికొదిమ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మేయర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"పండగ మర్నాడు. నిన్న" అన్నాను.

నికొదిమ్ తన టోపీ వైపు చూసుకున్నాడు.

"మేడమ్, మార్చిలో నలభై ఏళ్ళన్నారు. ఇప్పుడు ఎంతంటున్నారు?"

"నెలలు."

"జూన్ తొమ్మిదిన ఎన్నికలు. ఇప్పుడు వీధి ఖాళీ చేయించమంటే ఎదుటి పక్షం వాళ్ళు ఏమంటారో తెలుసా? ఇళ్ళ స్థలాలు కాజేయడానికి నాటకమంటారు. బుకారెస్ట్ నుంచి ఇంకో నిపుణుణ్ణి పిలుద్దాం. ఆయన కూడా చూసి చెబితే అప్పుడు."

నిపుణుడు జూన్ 18న వస్తాడు.

మే 14

క్లబ్బులో సమావేశం. నేను మాట్లాడటం మొదలుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు, వెనక నుంచి ఒకడు అడిగాడు.

"మొన్న అబద్ధమా, ఇవాళ అబద్ధమా? అది చెప్పండి చాలు."

"మొన్న మా దగ్గరున్న మ్యాపు తప్పు."

"నేను మ్యాపు చూడలేదు. నేను లోపల నిలబడ్డాను. నా కళ్ళతో చూశాను, స్తంభం అంత లావుంది."

అందరూ అవునవునన్నారు. ఇంకోసారి హెడ్‌సెట్ పెట్టుకుని చూడమన్నాను. ఒక్కరూ లేవలేదు. నికొదిమ్ లేచి, గోడ పట్టుకుని, తాను చెక్కించిన సంగతి చెప్పాడు. చెప్పడానికి పావుగంట పట్టింది. మధ్యలో దగ్గు. ముందు వరుసలో ఒకామె, "ముప్ఫై ఎనిమిదేళ్ళు మా పిల్లలు దాని మీద పడుకున్నారు. నువ్వు రోజూ మా నాన్నతో కూర్చుని తాగావు" అంది. గట్టిగా కూడా అనలేదు. అతను కూర్చోవడానికి చూస్తే, అతని పక్క కుర్చీల్లోవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

పదిహేడు కుటుంబాలు చుట్టాల ఇళ్ళకు వెళ్ళాయి. మిగతావాళ్ళు నిపుణుడి కోసం చూస్తామన్నారు.

మే 15

పెద్దమ్మతో.

"వెళ్ళను."

"మీ చెల్లెలు తుర్దాలో ఉంది కదా, ఒక్క నెల."

"నువ్వు ఉంటావుగా ఇక్కడ?"

"నా పని ఇక్కడే."

"మరి నీకు కూలదా?"

మే 21

క్లబ్బులోనే మంచం వేసుకున్నాను. నేను ఖాళీ చేస్తేనైనా కదులుతుందని.

మే 27

కదిలింది. బస్సు ఎక్కించాను. ఒక సంచీ, ఒక దిండు. కోళ్ళను పక్కింటి పంతెలిమోన్‌కు అప్పగించింది. ఆయన నలభయ్యో నంబరు, వెళ్ళనన్నవాళ్ళలో ఒకడు. బస్సు కిటికీలోంచి, "నీ ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో. తింటున్నావా?" అంది. తింటున్నానన్నాను.

ఇవాళ నిద్రపోగలననుకుంటా.

జూన్ 3

పదిన్నర మీటర్లు పెట్టి చూశాను. పది పెట్టి చూశాను. ఉప్పు గట్టిదనాన్ని కొంచెం పెంచి చూశాను. నికొదిమ్ చెప్పిన దానికి బోర్ల దగ్గర దొరుకుతున్న కదలికలు అతుకుతున్నాయి, వేరే దేనికీ అతకడం లేదు. అయినా పెట్టి చూడాల్సిన లెక్కలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి.

జూన్ 6

లిండెన్ వీధి పోయింది. 10:40.

జూన్ 9

రాయాలి.

ఆ రోజు ఎనిమిదిన్నర నుంచి లోపలే ఉన్నాను. ఇంకో రకంగా పెట్టి చూస్తున్నాను. పదహారో స్తంభాన్ని లావు చేసి, పదిహేడుని సన్నం చేసి, సగటున నికొదిమ్ మాటకు సరిపోయేలా. వీధి నిలబడే లెక్క ఒక్కటి దొరికితే చాలు, అది నిజమని కాకపోయినా, కావచ్చునని అనుకోవడానికి. చేతులు గాలిలో తిప్పుతూ, గొంతుకూర్చుని, లేచి, స్తంభం నుంచి స్తంభానికి నడుస్తూ ఉన్నాను. చెవులకు కూడా మూత ఉంటుంది ఆ యంత్రంలో.

ఒక లెక్కలో వీధి నిలిచింది. తొమ్మిదేళ్ళు. నేను నిజంగా నవ్వాను.

అప్పుడు కాళ్ళ కింద కదిలింది. మోడల్‌లో కాదు. హెడ్‌సెట్ లాగేశాను. కిటికీ అద్దాలు ఇంకా ఊగుతున్నాయి. బయట ఎవరో అరుస్తున్నారు. బల్ల మీద, నా నోటుబుక్కు పక్కన, గుడ్డ కప్పిన గిన్నె ఉంది.

తెలిసిన గుడ్డ. అంచున నీలం కుట్టు. విప్పితే సర్మాలె, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం. ఇంకా గోరువెచ్చగా ఉంది.

క్లబ్బు కాపలాదారు తర్వాత చెప్పాడు. "పదింటికి వచ్చిందమ్మా, తుర్దా బస్సు దిగి నేరుగా. మిమ్మల్ని చూసి తలుపు దగ్గరే నిలబడింది. పిలవమంటారా అన్నాను. వద్దయ్యా, పనిలో ఉంది, చూడు ఎలా చేతులాడిస్తోందో, సంగీతం వాయించేవాళ్ళలాగా అంది. కోళ్ళకు మేత వేసి, మిరపమొక్కలకు నీళ్ళు పోసి వస్తాను, అప్పుడు మాట్లాడతాను అంది. పావుగంట చూస్తూ నిలబడిందమ్మా."

పావుగంట. మూడు మీటర్ల దూరంలో.

ముప్ఫై నాలుగో నంబరు నుంచి యాభై రెండు దాకా గుండ్రంగా దిగిపోయాయి. గుంటలో ఉప్పునీళ్ళు. మిగతావాళ్ళు పనులకు వెళ్ళి ఉన్నారు కాబట్టి పోయింది ఇద్దరే అన్నారు. వెతూరియా. పంతెలిమోన్. ఇద్దరూ దొరకలేదు, దొరకరు.

జూన్ 10

మేయర్ మళ్ళీ గెలిచాడు.

జూన్ 15

నేను చెప్పకుండా ఉన్నది ఇరవై ఆరు రోజులు. జూన్ 18లోంచి అవి తీసేస్తే మే 23, నిపుణుడు రావాల్సిన రోజు.

జూలై 4

వీధి కూలిన తీరును మోడల్‌తో సరిచూడమని యూనివర్సిటీ అడిగింది. తొమ్మిది మీటర్లు పెట్టాను. గుంట చుట్టుకొలతలో నాలుగు శాతం తేడా. ఇంత దగ్గరగా కలిసిన మోడల్ ఈ రంగంలో లేదని ప్రొఫెసర్ అన్నారు. వ్యాసం రాయమన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. నాకేదైనా చేయడానికి ఉండాలనుకున్నారు.

ఆగస్టు

ఏమీ లేదు.

అక్టోబర్ 22

జిల్లా కేంద్రంలో విచారణ. ముగ్గురు అధికారులు, టేపు యంత్రం, నీళ్ళ సీసాలు. వెతూరియా చెల్లెలు నల్ల రుమాలు కట్టుకుని వెనక కూర్చుంది. ముఖం అచ్చం ఆవిడదే.

అధ్యక్షుడు అడిగాడు. "స్తంభాలు చెక్కిన విషయం మీకు మొదట ఏ రోజు తెలిసింది?"

నిజం చెప్పాలనే వెళ్ళాను. పొద్దున అద్దం ముందు ఆ తేదీ పైకి అని చూసుకున్నాను కూడా.

"మే 6" అన్నాను.

"దానికి ముందు ఎలాంటి సూచనా లేదు?"

"లేదు."

"మీరు రోజువారీ నోట్సు ఏమైనా రాసుకుంటారా?"

"లేదండీ."

బుక్కు సంచీలో ఉంది. సంచీ నా ఒళ్ళో ఉంది.

తర్వాత నికొదిమ్‌ను పిలిచారు. ఇద్దరు పట్టుకుని తెచ్చారు. నా ప్రాణం అతని నోట్లో ఉంది. అతను నా వైపు చూడలేదు.

"మీరు ఈ విషయం డాక్టర్ ఒతిలియా వ్లైకాన్‌కు ఎప్పుడు చెప్పారు?"

"పండగ మర్నాడు."

"మే 6?"

"ఆఁ. పండగ మర్నాడు. ముందే చెప్పాల్సింది. భయపడ్డాను. తప్పు నాది."

వెనక నుంచి వెతూరియా చెల్లెలు లేచి బయటికి వెళ్ళింది. అతన్ని దాటుకుంటూ వెళ్ళి, దాటేటప్పుడు అతని పాదాల పక్కన ఉమ్మింది.

కింద బస్టాపులో నేను అతని పక్కన కూర్చున్నాను. అడిగాను, "ఎందుకలా చెప్పారు?"

"నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి. నీ ఇరవై ఆరు రోజుల గురించి నేనేం మాట్లాడతాను?" ఊపిరి తీసుకున్నాడు. "నిన్ను పంపించేస్తారు. ఇంకోణ్ణి పంపుతారు. వాడు వచ్చి పాత మ్యాపు తీస్తాడు."

"నేనుంటే మాత్రం?"

"స్కూలు వీధి కింద కూడా మేమే గీకాం, ఇంజనీరమ్మా. ముప్ఫై ఒక్క స్తంభాలు. అక్కడ అన్నీ ఒకలా గీకలేదు. కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. నాకు గుర్తుంది. గంతలు కట్టు, చెబుతాను."

నాకు ఏడుపు రాలేదు. బస్సు వచ్చింది.

నవంబర్ 5

మొదలుపెట్టాం. హెడ్‌సెట్ ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు, అతనే తీసి పెట్టుకున్నాడు. రోజుకు ఒక్క స్తంభం, అంతకుమించి అతని ఊపిరి సాగదు. వారానికి రెండు రోజులు. చుట్టూ నడుస్తాడు, ఆగి ఎవరెవరి పేర్లో చెబుతాడు. ఇది మిర్చా గీకింది, వాడు బద్ధకస్తుడు, కాబట్టి ఒక మీటరే. ఇది నా సొంత చెయ్యి. మూడు.

నవంబర్ 28

ఎనిమిది పూర్తయ్యాయి.

డిసెంబర్ 3

నికొదిమ్ రాలేదు. అతని మనవరాలు ఫోన్ చేసింది. పక్షవాతం. కుడి పక్క, మాట కూడా.

డిసెంబర్ 11

ఆసుపత్రిలో. మ్యాపు కాగితం మీద వేసి తీసుకెళ్ళాను, వేలు పెట్టి చూపిస్తాడేమోనని. చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి కాగితం మీద కాదు, నా చేతి మీద పెట్టాడు. మనవరాలు, "తాతయ్య ఇప్పుడు అందరికీ అలాగే పెడుతున్నాడండీ" అంది.

జనవరి 19

నికొదిమ్‌ను పూడ్చిపెట్టారు. ఏడుగురం. ఫాదర్‌తో కలిపి.

ఫిబ్రవరి 27

స్కూలు వీధిలో బోరు వేయనివ్వరు. నేల బలహీనమైందట, బరువైన యంత్రం తేకూడదట. నేల బలహీనమైందని రాసిచ్చింది నేనే.

తెలియని స్తంభాలు ఇరవై మూడు. అన్నిటికీ తొమ్మిది మీటర్లు పెడితే పదకొండు నెలలు. ఎనిమిది పెడితే నాలుగు. పది పెడితే ఆరేళ్ళు.

మార్చి 14

"తెలియదు" అని రాసి పంపిన నివేదిక వెనక్కి వచ్చింది. తెలియదు అన్నదాని మీద ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వలేమట. ఒక అంకె కావాలట.

మార్చి 20

తొమ్మిది రాశాను. సంతకం చేశాను. ఉత్తర్వు "పరిశీలనలో" ఉంది.

ఏప్రిల్ 11

ఈ బుక్కులో తప్ప ఈ తేదీని ఇంకెక్కడా రాయలేదు. పోయినేడు ఈ రోజే నికొదిమ్ చెప్పాడు.

మే 13

స్కూలు వీధి సెన్సార్లు చూడటానికి వెళ్ళాను. పన్నెండో నంబరులో సావెతా అనే ఆవిడ ఉంటుంది, నా వయసే, బేకరీలో పనిచేస్తుంది. కంచె దగ్గర పెరుగు డబ్బాల్లో టొమాటో నారు వరుసగా పెట్టి, నన్ను చూసి నిలబడింది. నమస్కారం చెప్పలేదు. ఈ వీధిలో ఎవరూ చెప్పరు.

"మిమ్మల్ని ఒకటి అడగనా?"

"అడగండి."

"ఖాళీ చేయమనే ఆ కాగితం వస్తుందా, రాదా?"

"నాకు తెలియదండీ."

"మేయర్‌ను అడిగితే మిమ్మల్ని అడగమన్నాడు."

"నేను పంపాల్సింది పంపాను."

ఆమె చేతులకు మన్ను. డబ్బాలు చాలా ఉన్నాయి, నలభై దాకా. రాత్రుళ్ళు వంటింట్లో వెచ్చగా పెట్టుకుని పెంచినవని చూస్తేనే తెలుస్తోంది.

"ఈ గడ్డ తవ్వి, ఎరువు వేసి, కర్రలు కట్టి ఇదంతా చేశాక పొమ్మంటే, నా వల్ల కాదు. నాకు ఇంకేం చెప్పొద్దు. నలభై ఏళ్ళు, నాలుగేళ్ళు ఇవేవీ వద్దు. ఇవి నాటుకోమంటారా, వద్దంటారా? ఒక్క మాట."

వద్దనాలి. వద్దంటే, ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, ఎప్పుడని అడుగుతుంది.

"నాటుకోండి" అన్నాను.

ఆమె మొదటి డబ్బా బోర్లించి మొక్కను అరచేతిలోకి తీసుకుంది.

తొమ్మిది మీటర్లయితే ఇంకా ఎనిమిది నెలలు, ఎనిమిదైతే నెలన్నరే. టొమాటోకు మూడు నెలలు చాలు.